స్లీప్ మోడ్‌లోనూ బ్యాటరీ తాగే బోర్డు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో కింద వాచ్‌మన్ గదికి తెలిపే పరికరం చేశాను. ఆర్డుయినో ఊనో (రెడీమేడ్ మైక్రోకంట్రోలర్ బోర్డు), అల్ట్రాసోనిక్ సెన్సర్, 433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్, సిరీస్‌లో రెండు 2500 ఎంఏహెచ్ 18650 లిథియం సెల్స్. స్లీప్ మోడ్ పెట్టినా మూడు రోజులకే ఛార్జింగ్ అయిపోతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ కోడ్ బాగానే ఉండి ఉంటుంది. పడుకున్నది మెయిన్ చిప్ ఒక్కటే. బోర్డు మీది యూఎస్‌బీ చిప్, రెగ్యులేటర్ (వోల్టేజిని స్థిరంగా ఉంచేది), పవర్ ఎల్‌ఈడీ మేలుకునే ఉంటాయి. అన్నీ కలిసి సుమారు 30 మిల్లీయాంపులు లాగుతాయి. ఊరికే ఉన్న సెన్సర్ మరో 2. 2500ని 32తో భాగిస్తే 78 గంటలు, అంటే మీ మూడు రోజులే.

ఊనోని బల్ల మీద ప్రయోగాలకు ఉంచుకోండి. ట్యాంకు మీదికి విడి ఏటీమెగా328పీ చిప్ (ఊనోలోని మెయిన్ చిప్ ఇదే), ఒక్క 18650, 3.3 వోల్టుల ఎంసీపీ1700 రెగ్యులేటర్, దానికి అటూ ఇటూ 1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు చాలు. ఈ రెగ్యులేటర్ తను వాడుకునేది 2 మైక్రోయాంపులే. కోఠి గుజరాతీ గల్లీలో అడిగినప్పుడు ‘అదే పని చేస్తుంది’ అని ఏఎంఎస్1117 ఇస్తే తీసుకోవద్దు. అది ఖాళీగానే 5 మిల్లీయాంపులు తినేస్తుంది. ఊనోలోంచి పీకిన చిప్ కూడా నేరుగా పనిచేయదు. దాని ఫ్యూజులు (చిప్ లోపలి సెట్టింగులు) బయటి 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కి పెట్టి ఉంటాయి, లోపలి 8 మెగాహెర్ట్జ్‌కి మార్చాలి. నిద్రకు ముందు ఏడీసీ (వోల్టేజిని అంకెలుగా మార్చే భాగం), బ్రౌన్‌ఔట్ డిటెక్టర్ (వోల్టేజి పడిపోతే చిప్‌ని రీసెట్ చేసేది) ఆపి, వాచ్‌డాగ్ (చిప్‌ని నిద్ర లేపే టైమర్) ఒక్కటే ఉంచితే చిప్ 4–5 మైక్రోయాంపులతో సరిపెట్టుకుంటుంది. వాచ్‌డాగ్ గరిష్ఠంగా 8 సెకన్లకోసారి లేపుతుంది కాబట్టి, ఎనిమిదోసారి లేచినప్పుడే పని చేయించండి.

మా ఉద్దేశంలో మీకు అల్ట్రాసోనిక్ సెన్సరే అనవసరం. రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరైతే మూసుకునే స్విచ్) ఉన్న ఫ్లోట్‌లు రెండు చాలు. అయితే పిన్‌కి లోపలి పుల్-అప్ (పిన్‌ని సప్లై వోల్టేజికి కలిపే రెసిస్టర్, 20–50 కిలోఓమ్‌లు) ఆన్‌లో వదిలేస్తే, స్విచ్ మూసుకుని ఉన్నంతసేపూ 66 నుంచి 165 మైక్రోయాంపులు కారిపోతూనే ఉంటాయి. ట్యాంకు నిండి ఉన్న రాత్రంతా ఇదే వరస. చదివే క్షణంలోనే పుల్-అప్ వేసి, చదవగానే పిన్‌ని అవుట్‌పుట్ ‘లో’ చేసి పడుకోబెట్టండి.

ఇక పంపే ఖర్చు. 30 మిల్లీయాంపుల చొప్పున పదోవంతు సెకను పడుతుందనుకున్నా, నిమిషానికోసారి పంపితే సగటు 50 మైక్రోయాంపులు. నిద్ర ఖర్చుకు ఏడెనిమిదింతలు! మట్టం మారినప్పుడూ, లేకుంటే పది నిమిషాలకోసారీ పంపండి. యాంటెన్నాకు 17.3 సెంటీమీటర్ల తీగ. సెల్‌ని ఎండ తగలని చోట పెట్టండి, 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకండి.

ప్రశ్న: నిద్రలో కరెంటు కొలుద్దామని మల్టీమీటర్‌ని మైక్రోయాంపుల రేంజిలో పెడితే పరికరం స్టార్టే కావట్లేదు.
– ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మామూలు మీటర్లలో 200 మైక్రోయాంపుల రేంజికి లోపల సుమారు 1 కిలోఓమ్ అడ్డం ఉంటుంది. చిప్ లేచేటప్పుడు అడిగే 3–4 మిల్లీయాంపులు దాని గుండా వెళ్తే 3 వోల్టులు అక్కడే పోతాయి. టెస్ట్ కోసం వాచ్‌డాగ్ లేకుండా శాశ్వతంగా పడుకునే కోడ్ వేయండి. మీటర్ ప్రోబులు రెంటినీ జంపర్ వైరుతో కలిపి ఆన్ చేసి, చిప్ పడుకున్నాక జంపర్ తీసి చూడండి. రీడింగ్ 20 చిల్లర దగ్గర ఆగితే బ్రౌన్‌ఔట్ ఆపలేదన్నమాట. వంద దాటితే ముందు ఏడీసీ, ఆ తర్వాత పుల్-అప్‌లు వెతకండి.