బాలు గారికి దండ, బాబుకి మాట కూడా లేదు

విజయనగరంలో ఎలక్ట్రికల్ షాపు నడిపే ఒకాయన, 47 ఏళ్ళు, రాశారు: "2020 సెప్టెంబర్ 25న ఎస్పీ బాలు గారు పోయినప్పుడు మూడ్రోజులు అన్నం ముట్టలేదండి. ఇప్పటికీ ఏటా ఆ రోజు షాపు మూసేసి, ఫొటోకి దండేసి యాభై మందికి భోజనాలు పెడతాను. మా ఆవిడ పిచ్చి అంటాది. ఇది జబ్బా? ఆవిడకి ఎలా నచ్చజెప్పాలి?"

జబ్బూ కాదు ఏటీ కాదు. మీ ఆవిడకి నచ్చజెప్పక్కర్లేదు కూడా, ఏడాదికొక్క రోజు షాపు మూస్తే కొంపలేం మునగవు. అప్పు చెయ్యకుండా పెట్టుకోండి, అంతే.

నాకు గుచ్చుకున్నది, కాయితం నిండిపోయాక మీ నాన్న గురించి మీరు అంచున అడ్డంగా రాసిన లైను. "మా బాబు బొబ్బిలి పక్కన మా ఊళ్ళోనే తమ్ముడి దగ్గరుంటాడు, పొలం పంపకాలప్పట్నుంచి ఆరేళ్ళుగా మాటల్లేవు." అంతకుముందు ఇంకెక్కడో, చిన్నప్పుడు రేడియోలో బాలు పాటొస్తే బాబు సౌండు పెంచి మిమ్మల్ని కేకేసి పిలిచేవాడని రాశారు. రెండూ మీరే రాసి, కలిపి చదువుకోలేదు.

1956లో హోర్టన్, వోల్ అని ఇద్దరు అమెరికా వాళ్ళు రేడియో, టీవీల్లో కనబడేవాళ్ళ గురించి రాశారు, అవతలాయన మనతోనే మాట్లాడుతున్నట్టుంటాడు, మనం మా మనిషే అనుకుంటాం, ఆయనకేమో మనమున్నామనే తెలీదు, దాన్నే పారాసోషల్ అన్నారు. 1996 నుంచి 'పాడుతా తీయగా' చూసినోళ్ళకి ఇది ఒకరు చెప్పాలా, పిల్లల తప్పులు ఆయన దిద్దుతుంటే మన పెదనాన్న కూర్చుని చెప్తున్నట్టే ఉండేది. ఆయన పోయిన రోజు నేనూ ఏడ్చినదాన్నే. కానీ ఈ బంధంలో ఒక సుఖముంది బాబూ. బాలు గారు మీకు పొలం తక్కువ రాయరు, మీ తమ్ముణ్ణి ఎక్కువ ముద్దు చెయ్యరు, మీరు గుమ్మమెక్కితే మొహం తిప్పుకోరు. అందుకే తండ్రికి చేరాల్సింది కూడా ఆ ఫొటోకే ఇచ్చేస్తున్నారు.

పొలంలో అన్యాయం జరిగుంటే పెద్దమనుషుల్లో అడగండి, లాయర్ని పెట్టుకోండి, వద్దనను. పొలం వేరు, ఈ ఆరేళ్ళు వేరు. పెద్దాయనే ముందు పిలవాలి అంటారేమో, నేనొప్పుకోను, కొడుకే వెళ్ళాలి. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కితే ఎంతసేపు?

ఈసారి సెప్టెంబర్ 25న యాభై విస్తళ్ళు వద్దు, క్యారేజీలో ఇద్దరికి సరిపడా పట్టుకెళ్ళండి. తమ్ముడు ఏదో అంటాడు, అననివ్వండి. బాబు పక్కన కూర్చుని ఆయనకిష్టమైన పాట పెట్టండి. ఫోన్ మాత్రం చెయ్యొద్దు, ఫోన్లో మీరిద్దరూ రెండో నిమిషానికి మళ్ళీ పొలం గట్టుమీదకే వస్తారు.