కణం గురించి రాస్తున్న అమ్మాయికి

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గుణుపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. 'కణాలు కలిస్తే కణజాలం, కణజాలాలు కలిస్తే అవయవం' అని మొదలుపెట్టావు. తప్పేం లేదు గానీ అది పరీక్షలో రాసే జవాబు. గోడకి ఇటుకల్లా అన్న పోలిక కూడా తీసెయ్యి. ఇటుకలన్నీ ఒకేలా ఉంటాయి. కణాలు అలా ఉండవు, అసలు సంగతంతా అక్కడే ఉంది.

ఉల్లిపాయతో మొదలుపెట్టు. బడిలో మైక్రోస్కోపు కింద పెట్టే ఆ పొరలో కణాలు వరసగా కనిపిస్తాయి, పచ్చదనం మాత్రం ఉండదు. అదే మొక్క కాడలో చూస్తే పత్రహరితం నిండుగా ఉంటుంది. రెండు చోట్లా జన్యువులు అవే. ఎక్కడ ఏవి పనిచేస్తాయి, ఏవి ఊరుకుంటాయి అన్నదే తేడా.

ఆ తర్వాత ఎర్ర రక్తకణం దగ్గర ఆగు, తొందరపడకు. ఎముక మజ్జలో పుట్టినప్పుడు దానికీ జన్యువులుండే కేంద్రకం ఉంటుంది. ఎదుగుతూ ఎదుగుతూ దాన్ని బయటికి నెట్టేస్తుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా కూడా పోతాయి. ఇక లోపలంతా హీమోగ్లోబినే, అంటే ఆక్సిజన్‌ని పట్టుకునే ప్రోటీనే. మళ్లీ రెండుగా విడిపోవడం దానివల్ల కాదు. సుమారు 120 రోజులు ఆక్సిజన్ మోసి రాలిపోతుంది. తనకంటే సన్నని నాళంలోంచి కూడా వంగి, సాగి దూరిపోతుంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక్కడే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు గురించి రాయి. మన రాయగడ, కొరాపుట్ వైపు వాళ్లకి అది పుస్తకంలో మాట కాదు. హీమోగ్లోబిన్‌లో ఒక్క అమైనో ఆమ్లం, అంటే ప్రోటీన్ గొలుసులో ఒక్క పూస, మారుతుంది. ఆక్సిజన్ తగ్గగానే ఆ అణువులు అతుక్కుని దారపు పోగుల్లా అవుతాయి, కణం కొడవలిలా వంగి బిగుసుకుపోతుంది. సన్న నాళాల్లో అడ్డం పడుతుంది, తొందరగా చితికిపోతుంది కూడా. ఎముకల్లో భరించలేని నొప్పి, కామెర్లు, రక్తాన్ని వడగట్టే ప్లీహం దెబ్బతినడం, అన్నీ దానివల్లే. శరీరంలో ఏది దేని మీద ఆధారపడి ఉందో ఇంతకంటే బాగా చూపించలేవు.

ఇంకో మాట తప్పకుండా రాయి. అమ్మా నాన్నా ఇద్దరి నుంచీ లోపమున్న హీమోగ్లోబిన్ జన్యువు వస్తేనే బిడ్డకి ఈ జబ్బు వస్తుంది. తల్లినొక్కదాన్నే ఆడిపోసుకునే ఇళ్లున్నాయి, వాళ్ల కంట పడాలి.

మనవాళ్లలో చాలామంది పిల్లలు బడిలో ఒడియాలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడతారు. అందుకని పేరు కంటే ముందు పని చెప్పు. రాశాక మీ వీధి ఆశా కార్యకర్తకి చదివి వినిపించు. ఆవిడ ఎక్కడ ఆపి అడిగితే అక్కడ తిరగరాసి నాకు పంపు.