నవ్వుతూ పలకరిస్తారు, ఇంటికి మాత్రం ఎందుకు పిలవరు?

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్న ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది: "అక్కా, మేం వచ్చి తొమ్మిది నెలలైంది. పక్కింటావిడ రోజూ చెయ్యి ఊపుతుంది, పాప గౌను బాగుందంటుంది, 'మనం ఓసారి కలవాలి' అని ఇప్పటికి నాలుగుసార్లు అంది. ఒక్కసారీ పిలవలేదు. మా ఆయన ఆఫీసులోనూ ఇంతే. పైకి నవ్వుతూనే లోపల మనమంటే పడదా? ఇది రేసిజమా, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా? అక్కడ ఊళ్ళో మా అమ్మకీ మాకేమవుతుందోనని భయం."

ఎక్కువేమీ ఆలోచించట్లేదమ్మా. నేను న్యూజెర్సీకి వచ్చి 24 ఏళ్ళు, మొదటి రెండేళ్ళు నన్ను తినేసిన ప్రశ్న ఇదే. అప్పుడు డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉండలేక కౌంటీ కాలేజీలో సోషియాలజీ క్లాసులో చేరాను, ఏదో కాలక్షేపం అనుకుని. ఇక్కడి మనుషులు ఒకరినొకరు ఎలా చూస్తారు, ఎవరిని ఎంత దూరంలో పెడతారు అన్నదాని మీద వీళ్ళే వందేళ్ళుగా పరిశోధనలు చేసుకుంటున్నారని అక్కడే తెలిసింది. నా టెన్షన్ సగం తగ్గింది ఆ క్లాసు వల్లే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 'ఓసారి కలవాలి' సంగతి. మన ఊళ్ళో గుమ్మం దాటుతున్న మనిషితో "భోంచేసి వెళ్ళొచ్చుగా" అంటాం చూడు, పొయ్యి మీద ఏమీ లేకపోయినా అంటాం, అది అబద్ధం కాదు, మర్యాద. వీళ్ళ మాట కూడా అలాంటిదే. నిజంగా పిలవాలనుకుంటే రోజు, టైము చెప్తారు. ఇంకోటి, వాళ్ళలో వాళ్ళకే రాకపోకలు తగ్గిపోయాయి. షికాగో యూనివర్సిటీ దగ్గర ఒక సంస్థ 1972 నుంచి జనరల్ సోషల్ సర్వే అని నడుపుతోంది, దేశమంతటా మనుషుల్ని ఎంచి రకరకాల ప్రశ్నలు అడుగుతారు. అందులో 'పొరుగువాళ్ళతో సాయంత్రాలు ఎంత తరచుగా గడుపుతారు' అన్నదీ ఒకటి, ఆ లెక్క దశాబ్దాలుగా తగ్గుతూనే వస్తోంది. అంటే మీ పక్కింటావిడ ఆ పక్కవాళ్ళ ఇంటికి కూడా వెళ్ళి ఉండకపోవచ్చు. కాబట్టి ఆ పిలవకపోవడాన్ని నీ రంగుకి ముడిపెట్టుకోకు.

ఇక 'లోపల పడదా' అన్న రెండో సగం. దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది స్టాన్‌ఫర్డ్‌లో సోషియాలజీ చెప్పిన రిచర్డ్ లపియర్ చేసిన పని. 1930లో మొదలుపెట్టి రెండేళ్ళపాటు ఆయన ఒక చైనా కుర్రాణ్ణి, అతని భార్యని వెంటబెట్టుకుని కారులో అమెరికా అంతా తిరిగాడు. చైనా కూలీలు ఈ దేశంలోకి రాకూడదని 1882లో చేసిన చట్టం ఇంకా అమల్లో ఉన్న రోజులవి, వాళ్ళంటే ఎంత వ్యతిరేకతో ఊహించుకో. మొత్తం 251 హోటళ్ళలో, రెస్టారెంట్లలో ఆగారు. చాలా చోట్ల ఆయన కావాలనే వెనక ఉండిపోయి, ముందు ఆ జంటనే లోపలికి పంపేవాడు. పొమ్మన్నది ఒకే ఒక్క చోట. ఆరు నెలలాగి అవే చోట్లకి ఉత్తరాలు రాశాడు, "చైనావాళ్ళు వస్తే మీ దగ్గర ఉండనిస్తారా?" అని. 128 మంది జవాబిచ్చారు. నూటికి తొంభై మందికి పైగా "ఉండనివ్వం" అని రాశారు! ఈ వివరాలతో ఆయన 1934లో వ్యాసం అచ్చువేశాడు. ఉత్తరానికి జవాబు రాసినవాడూ, ఆ రోజు కౌంటర్లో నవ్వుతూ తాళంచెవి ఇచ్చినవాడూ ఒకరే కాకపోవచ్చు, పక్కన తెల్ల ప్రొఫెసరు ఉన్నాడు కాబట్టి కూడా ఒప్పుకుని ఉండొచ్చు అని తర్వాతివాళ్ళు తప్పులు పట్టారు, అవి సబబైనవే. అయినా ఆ ఒక్క ముక్క నా మనసులో నాటుకుపోయింది: మనిషి నోటితో చెప్పేదీ, ఎదురుగా మనిషి నిలబడితే చేసేదీ వేరువేరు.

దీన్ని రెండు వైపుల నుంచీ చూడాలి. టీవీలో ఎవరో వలసవాళ్ళ మీద అరిచారనీ, ఎవరింటి ముందో ఫలానా పార్టీ బోర్డు ఉందనీ చూసి ఆ మనిషి మనతో ఎలా ఉంటాడో ముందే తీర్మానించేసుకోవద్దు. మా వీధిలో నేను ఐదేళ్ళు తప్పించుకు తిరిగిన ఒక పెద్దాయన, మంచు ముంచేసిన రోజున మా ఆయన ఊళ్ళో లేడని తెలిసి, అడక్కుండానే మా డ్రైవ్‌వే మొత్తం ఊడ్చి వెళ్ళాడు.

రెండో వైపు కాస్త చేదుగా ఉంటుంది. ఎదురుగా మర్యాదగా ఉన్నవాళ్ళే కాగితం మీద 'లేదు' అనగలరు. 2004లో ఇద్దరు ఆర్థికవేత్తలు, బెర్ట్రాండ్, ముల్లైనాథన్, బోస్టన్‌లో షికాగోలో ఉద్యోగ ప్రకటనలకి దాదాపు ఐదు వేల కల్పిత రెజ్యూమెలు పంపిన ఫలితాలు ప్రచురించారు. అర్హతలు ఒకే రకం, పేర్లు మాత్రం కొన్ని తెల్లవాళ్ళవిలా, కొన్ని నల్లజాతివాళ్ళవిలా. తెల్లపేర్లకి 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. మొహం చూడలేదు, మాట వినలేదు, పేరు ఒక్కటే. కాబట్టి వివక్ష అంటే ఎవరో మొహం మీద తిట్టడమే అనుకుంటే అసలైనది కళ్ళ ముందే జారిపోతుంది. మేము కొత్తలో ఒక అపార్ట్‌మెంటు కోసం ఫోన్ చేస్తే ఖాళీ ఉందన్నారు, పేరు చెప్పాక నిండిపోయిందన్నారు, నాలుగు రోజుల తర్వాత అదే యూనిట్‌కి మళ్ళీ ప్రకటన వేశారు. మేం ఊరుకున్నాం, అది తప్పని ఇప్పుడనుకుంటాను. ఇల్లు అద్దెకిచ్చే విషయంలో 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉంది, ఏడాదిలోపు కేంద్ర గృహనిర్మాణ శాఖకి, అంటే హడ్‌కి, ఫిర్యాదు చెయ్యొచ్చు. ఉద్యోగమైతే అక్కడి వివక్ష మీద ఫిర్యాదులు తీసుకునే కేంద్ర సంస్థ, ఈఈఓసీ ఉంది, అక్కడ గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. ఏ తేదీన ఎవరు ఏమన్నారో అదే రోజు రాసిపెట్టుకో, ఈమెయిళ్ళు చెరపకు. నువ్వు వీసా మీద ఉన్నా ఈ చట్టాలు నీకూ వర్తిస్తాయి.

ఇంకో పరిశోధన గురించి చెప్పకుండా ఉండలేను. 1925లో లాస్ ఏంజెలస్‌లో ఎమొరీ బొగార్డస్ అనే ప్రొఫెసర్ 'సామాజిక దూరం' కొలవడానికి ఒక నిచ్చెన తయారుచేశాడు. ఫలానా జాతి మనిషితో వియ్యమందుతావా, క్లబ్బులో స్నేహం చేస్తావా, నీ వీధిలో ఉండనిస్తావా, నీ పనిలో తోటివాడిగా ఒప్పుకుంటావా, దేశ పౌరుడు కానిస్తావా, ఊరికే చూసి పొమ్మంటావా, అసలు దేశంలోకే రానివ్వవా, అలా ఏడు మెట్లు. 1926 సర్వేలో 30 సమూహాల గురించి అడిగితే ఇంగ్లిష్‌వాళ్ళు మొదట నిలిచారు. అన్నిటికంటే అడుగున, ముప్ఫయ్యో స్థానంలో ఎవరో తెలుసా? మనమే, భారతీయులం. క్లాసులో ఆ పట్టిక చూసిన రోజు నాకు రాత్రి నిద్రపట్టలేదు. అంతకు మూడేళ్ళ ముందే, 1923లో, భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ వేసిన పౌరసత్వం కేసులో భారతీయులు 'తెల్లవాళ్ళు' కారు, పౌరసత్వానికి పనికిరారు అని ఇక్కడి సుప్రీం కోర్టు తేల్చేసింది. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో పరిశోధనలు చేసింది ఆ కాలపు అమెరికాలోనే. ఆయన పేరు తలుచుకున్నప్పుడల్లా ఆ పట్టిక కూడా కళ్ళముందు కదులుతుంది నాకు.

అక్కణ్ణించి ఇక్కడిదాకా ఎలా వచ్చామో మనవాళ్ళు చాలామంది ఆలోచించరు, మన చదువు, మన కష్టం అనుకుంటారు. కష్టపడ్డాం, కాదనను. కానీ తలుపు తీసింది 1965 వలస చట్టం, అదీ ఊరికే రాలేదు. నల్లజాతివాళ్ళు లాఠీలు తిని, కుక్కల కాట్లు తిని, జైళ్ళకి పోయి సాధించుకున్న 1964 పౌరహక్కుల చట్టం వెనకే, అదే ఊపులో వచ్చింది. పుట్టిన దేశాన్ని బట్టి మనుషుల్ని వడగట్టే పాత కోటాలు దానితో పోయాయి. మనసులూ మారాయి, మెల్లగా. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య పెళ్ళి మీకు సమ్మతమేనా అని గాలప్ సంస్థ 1958లో అడిగితే నూటికి నలుగురు అవునన్నారు, 2021లో 94 మంది. ఒక మనిషి జీవితకాలంలో వచ్చిన మార్పు ఇది. నోటి మాటకీ చేతకీ తేడా ఉంటుందని ఇప్పుడే చెప్పాను, అది గుర్తుంచుకునే ఈ అంకె చూడాలి, అయినా బయటికి 'వద్దు' అని చెప్పడానికి సిగ్గుపడే రోజు రావడం చిన్న విషయం కాదు.

అందుకే కొత్తగా వచ్చినవాళ్ళకి మనవాళ్ళు ఇచ్చే ఒక సలహా వింటే నాకు కడుపు రగిలిపోతుంది. "ఆ ఏరియా వద్దమ్మా, అక్కడ నల్లోళ్ళు ఎక్కువ." మాకూ చెప్పారు, మేమూ విన్నాం. తర్వాత మా పెద్దాడి స్కూల్లో బుక్ ఫెయిర్‌కి వాలంటీరుగా వెళ్తే, డబ్బుల పెట్టె దగ్గర మూడు సాయంత్రాలు నా పక్కన కూర్చున్నది ఒక నల్లజాతి అమ్మ. చిల్లర లెక్క కుదరక ఇద్దరం రాత్రి ఎనిమిదిన్నరదాకా మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాం. మా స్నేహం అలా మొదలైంది, 17 ఏళ్ళయింది. వాళ్ళ నాన్నగారు సైన్యంలో పనిచేసి వచ్చాక, కొత్తగా కడుతున్న కాలనీలో ఇల్లు కొనబోతే మీకు అమ్మం అన్నారట. అది ఒక్క కాలనీ కథ కాదు, లెవిట్‌టౌన్ పేరుతో వేల ఇళ్ళు కట్టిన కంపెనీ నల్లవాళ్ళకి అమ్మేది కాదన్నది చరిత్రలో ఉన్న సంగతే. 1930లలోనే ప్రభుత్వ సంస్థ ఒకటి నల్లవాళ్ళుండే పేటల్ని మ్యాపుల్లో ఎర్రరంగు వేసి 'అప్పులకి ప్రమాదం' అని గుర్తుపెట్టింది. అప్పు పుట్టని పేట ఎలా బాగుపడుతుంది? ఇల్లు పాతబడుతుంది, ఇంటి పన్ను తగ్గుతుంది, ఆ పన్నుతో నడిచే బడి నీరసిస్తుంది. అరవై ఏళ్ళ తర్వాత దిగిన మనం ఆ పేటని చూసి ఆ మనుషులే అంత అనేస్తాం. బొగార్డస్ నిచ్చెన మీద ఒకప్పుడు అట్టడుగున నిలబడ్డవాళ్ళం మనం, మన చేతిలోనూ ఒక నిచ్చెన పట్టుకుని తిరగడం తగదు. అసోసియేషన్లలో కులాలవారీగా విడిపోవడం గురించి కూడా నేను ఇదే మాటంటాను.

మనవాళ్ళంతా ఒకే చోట చేరడం గురించి కూడా అడుగుతుంటారు, ఫ్రిస్కోలాగా, ఇక్కడ ఎడిసన్‌లాగా. అది తప్పేం కాదు. థామస్ షెల్లింగ్ అనే ఆయన 1971లో ఒక లెక్క చూపించాడు. ఎవరికీ ఎవరిమీదా ద్వేషం లేకపోయినా, చుట్టుపక్కల మూడోవంతు ఇళ్ళైనా మనలాంటివాళ్ళవి ఉంటే చాలు అని ప్రతివాళ్ళూ అనుకున్నా సరే, ఊరు చివరికి ముక్కలుముక్కలుగా విడిపోతుంది. పూజకి పురోహితుడు, కరివేపాకు, పిల్లలకి తెలుగు బడి, ఇవన్నీ దగ్గర్లో ఉండాలనే కదా మనం చూసుకునేది. కాకపోతే అలా ఉంటూ 'వీళ్ళు మనతో కలవరు' అనుకుంటే ఎలా? రోజుకి ఎన్నిసార్లు మనం తెలుగు కాని మనిషితో ఐదు నిమిషాలు మాట్లాడతామో లెక్కేసుకుంటే తెలుస్తుంది.

కలవడం అంటే పక్కపక్కన ఉండటం కాదు. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త దీని గురించే రాశాడు: వట్టి పరిచయంతో అపోహలు పోవు, ఇద్దరూ సమాన స్థాయిలో ఉండాలి, ఇద్దరికీ ఒకే పని ఉండాలి, పోటీ కాకుండా సాయం చేసుకుంటూ చెయ్యాలి, పైవాళ్ళు దానికి అండగా ఉండాలి. అంతకు మూడేళ్ళ ముందు డాయిచ్, కాలిన్స్ అనే ఇద్దరు, న్యూయార్క్‌లో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసుండే ప్రభుత్వ గృహసముదాయాల్నీ, ఇక్కడే న్యూవార్క్‌లో విడివిడి బిల్డింగుల్లో పెట్టినవాటినీ పోల్చి చూశారు. కలిసున్నచోట తెల్ల గృహిణులకి నల్ల పొరుగువాళ్ళ మీద మంచి అభిప్రాయం ఎక్కువగా కనిపించింది. ఆ పుస్తకాలేవీ చదవకముందే మా డబ్బుల పెట్టె దగ్గర నాకు జరిగింది అదే. అందుకే అంటాను, ఆఫీసు లంచ్‌లో పొడిపొడి మాటల కంటే స్కూల్లో తల్లిదండ్రుల-టీచర్ల సంఘం (పీటీఏ), లైబ్రరీలో వాలంటీరు పని, పిల్లల సాకర్ టీముకి స్నాక్స్ బాధ్యత, ఫుడ్ బ్యాంకులో శనివారం రెండు గంటలు, వీటిలో ఏదో ఒకటి పట్టుకో, ఒక ఏడాది వదలకు. చేతుల్లో పని ఉంటే మాట దానంతటదే వస్తుంది, యాస గురించి దిగులు కూడా ఉండదు.

మీ అమ్మగారి భయం గురించీ రాశావు. 2017లో కాన్సస్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినప్పుడు మా అమ్మ కూడా నెలరోజులు ఫోన్లో ఏడ్చింది, వచ్చెయ్యమంది. ఆ భయం ఉత్తదని నేను చెప్పలేను. కాల్పులు జరిగిన అదే బార్‌లో ఇయాన్ గ్రిలట్ అనే అతను, ఏ పరిచయమూ లేనివాళ్ళ కోసం అడ్డుపడి తూటా తిన్నాడని మాత్రం అమ్మకి చెప్పాను, మీ అమ్మగారికీ చెప్పు.

ఇక పక్కింటావిడ. ఈసారి 'ఓసారి కలవాలి' అనగానే "ఈ శనివారం మూడింటికి టీకి రాగలరా, ఐదింటిదాకా?" అని అడుగు, ముగింపు టైము కూడా చెప్పు, వాళ్ళకి అది తేలిక. నట్స్ పడతాయా అని ముందే కనుక్కో. కుదరదంటే ఇంకో శనివారం అడుగు, రెండోసారి కూడా కుదరకపోతే నొచ్చుకోకుండా వదిలెయ్. వస్తే మాత్రం పదిరకాలు చెయ్యకు, అల్లం టీ, నాలుగు పునుగులు చాలు, వంటింట్లోనే కూర్చోబెట్టి పునుగులు వేస్తూ మాట్లాడు. వీలైతే పిండి గిన్నె ఆవిడ చేతికే ఇవ్వు.