ఛైర్మన్లు మారినా కంపెనీ మారదేం?

ప్రశ్న: మా తమ్ముడు ఒక ప్రభుత్వ కంపెనీలో పనిచేస్తున్నాడు. ప్రభుత్వం మారితే ఛైర్మన్ మారతాడు, ఎండీ ఎప్పుడు బదిలీ అవుతాడో ఎవరికీ తెలీదు. ప్రైవేటుకు ఇచ్చేస్తే తప్ప ఇవి బాగుపడవా సార్?
- ఒక పాఠకురాలు, ధర్మవరం

జవాబు: అమ్మడం దాకా ఎందుకమ్మా, ముందు డైరెక్టర్ల బోర్డును బోర్డులా పనిచేయనివ్వమనండి. కర్నూలులో చార్టర్డ్ అకౌంటెంటుగా ఇలాంటి కంపెనీల ఆడిట్‌కు వెళ్తుంటాను. మొదట అడిగేది మినిట్స్ పుస్తకం, అంటే బోర్డు సమావేశాల్లో ఏం జరిగిందో రాసిపెట్టే పుస్తకం. పెద్ద పెద్ద ఖర్చుల దగ్గర కూడా 'ప్రభుత్వ ఆదేశాల మేరకు ఆమోదించడమైనది' అని ఒకే వాక్యం ఉంటుంది. ఎవరు ఏం అడిగారో, ఎవరు కాదన్నారో ఉండదు. ఆదేశం కాపీ అడిగితే 'ఫోన్లో చెప్పారు సార్' అంటారు!

చట్టం లేక కాదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రభుత్వ వాటా 51 శాతానికి తగ్గకుంటే అది ప్రభుత్వ కంపెనీ. ఆడిటర్ని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నియమిస్తుంది. రాష్ట్రానికి వాటా ఉంటే వార్షిక నివేదిక శాసనసభకు వెళ్లాలి. చిల్లు స్వతంత్ర డైరెక్టర్ల దగ్గరుంది, అంటే యజమాని మనిషి కాకుండా బయటి నుంచి వచ్చి బోర్డులో నిష్పక్షంగా మాట్లాడాల్సినవాళ్లు. మామూలు కంపెనీలో ఆ మనిషి నిజాయితీ, అనుభవం తేల్చేది బోర్డు. ప్రభుత్వ కంపెనీకి మాత్రం 2015 జూన్ 5 నోటిఫికేషన్‌తో ఆ పని సంబంధిత మంత్రిత్వ శాఖకో, రాష్ట్ర ప్రభుత్వానికో అప్పగించారు. పెళ్లికొడుకు గుణం వాళ్లమ్మనే అడిగినట్టు!

కేంద్ర సంస్థల పై పోస్టుల ఎంపికకు 1974 నుంచీ ప్రత్యేక బోర్డు ఉంది. రాష్ట్రంలోనూ అలాంటిది పెట్టి, ఎండీని మూడేళ్లయినా కదపకూడదు.

ఇంకొకటి, నా లెక్కలో ఇదే అసలుది. మన వైపు బోరు మోటార్లకు ఉచిత కరెంటు ఉంది కదా. ఇవ్వాల్సిందే, వాన నమ్ముకుని వేరుశనగ వేసేవాళ్లం మనం. కానీ 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ఏమంటుందంటే, రాయితీ ప్రకటించిన ప్రభుత్వం ఆ సొమ్ము కరెంటు పంపిణీ కంపెనీకి ముందుగానే కట్టాలి. కట్టకపోతే ఆ కంపెనీ నష్టంలో ఎండీ చేతగానితనం ఎంతో, సర్కారు బాకీ ఎంతో ఏ ఆడిటరూ విడదీయలేడు. ప్రతి ప్రభుత్వ కంపెనీకీ ఇదే షరతు పెట్టాలి: ఆదేశం కాగితం మీద రావాలి, డబ్బు వెంట రావాలి.

కంపెనీ సంగతులు మీ తమ్ముణ్ణి అడగొద్దు, అతని ఉద్యోగానికి ఇబ్బంది. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో 100 రూపాయలు కడితే దాఖలైన లెక్కలు ఎవరైనా చూడొచ్చు. ఆఖరి బ్యాలెన్స్ షీటు ఏ ఏడాదిదో ముందు చూడండి. పాతదైతే మిగతా పేజీలు తిప్పక్కర్లేదు.