క్రైస్తవుడి క్రిస్మస్‌లో తేడా ఎక్కడ కనబడాలి?

స్టార్, కేక్, కొత్త బట్టలు ఇప్పుడు అందరిళ్లలోనూ ఉంటున్నాయి, మరి విశ్వాసి పండగకు తేడా ఏమిటని అడిగారు.

నన్నడిగితే, ముందు భోజనాల దగ్గర. విందు చేస్తే తిరిగి పిలవగలిగే బంధువులను, డబ్బున్న పొరుగువారిని కాదు, బీదలను పిలవమని లూకా సువార్త 14వ అధ్యాయంలో యేసు సూటిగా చెప్పాడు. డిసెంబర్ 25న మన బిర్యానీ క్యారేజీలు ఎక్కువగా వెళ్లేది మనకూ పండక్కి ఏదో ఒకటి పంపే ఇళ్లకే. ఈసారి వాచ్‌మన్ కుటుంబాన్ని ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి వడ్డించండి. డబ్బాలో పెట్టి పంపడం, పక్కన కూర్చుని తినడం ఒకటి కావు.

క్యారల్స్‌కు ఒక ఏడాది మేం కానుకల డబ్బా లేకుండా వెళ్లాం. మంచం పట్టిన ఒక మామ్మగారింట్లో ఒక్క పాట పాడి వచ్చేద్దామనుకున్నాం. ఆవిడ దుప్పటి పక్కకు తీసి, లేచి కూర్చుని, రెండో చరణం తనే అందుకుంది. అరగంట అక్కడే ఉండిపోయాం.

అప్పు చేసి బట్టలు కొనకండి. బాలయేసును దేవాలయానికి తీసుకెళ్లినప్పుడు మరియ, యోసేపులు అర్పించింది గొర్రెపిల్లను కాదు, పేదలకు యూదుల ధర్మశాస్త్రం అనుమతించిన పక్షుల జతను.

అన్నదమ్ములతో మాటల్లేకపోతే, 24 రాత్రి ఆరాధనకు బయల్దేరేలోపే ఫోన్ చేయండి.