సమాధానం: పంప్కిన్ ఏల్‌లో గుమ్మడికాయ రుచే లేదేంటి?

మోసమేమీ జరగలేదండీ. మీ ఊరి బ్రూపబ్‌లో (సొంతంగా బీరు తయారుచేసే పబ్‌లో) ఇచ్చిన పంప్కిన్ ఏల్‌లో, అంటే గుమ్మడికాయ బీరులో, గుమ్మడి జాడే లేదు, లవంగం ఘాటు మాత్రం గొంతు పట్టుకుంది అన్నారు కదా, అది మామూలే. గుమ్మడికాయకు సొంత రుచి చాలా తక్కువ. అందులో ఉన్న కాస్త తీపినీ బీరును పులియబెట్టే ఈస్ట్ తినేస్తుంది. 1980లలో కాలిఫోర్నియాలోని హేవర్డ్‌లో ఈ బీరుకు మళ్లీ ప్రాణం పోసిన బిల్ ఓవెన్స్‌కూ ఇదే ఎదురైంది. గుమ్మడి వేసి కాస్తే ఆ రుచి రాలేదు, దాంతో 'పంప్కిన్ పై' అనే అమెరికన్ తీపి వంటకంలో వేసే మసాలా కలిపాడు. దాల్చినచెక్క, జాజికాయ, అల్లం, లవంగం: మనం 'గుమ్మడి రుచి' అనుకునేది నిజానికి ఇదే.

లవంగం మోతాదు కొంచెం మించినా బిర్యానీలో లవంగం కొరికినట్టే ఉంటుంది. అందుకే ఈసారి పింట్ (పెద్ద గ్లాసు) కాకుండా చిన్న టేస్టర్ గ్లాసు అడగండి. గ్లాసు అంచుకు దాల్చినచెక్క పొడి కలిపిన చక్కెర అద్దుతుంటే వద్దనండి, సగం ఘాటు అక్కడే తగ్గుతుంది. రాగానే గటగటా తాగేయొద్దు. పది నిమిషాలు ఆగితే చల్లదనం తగ్గి మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి తెలుస్తుంది, మసాలా ఒక్కటే పొడుచుకు రాదు. పక్కన కారం వింగ్స్ వద్దు, రోస్ట్ చికెన్ గానీ చెడ్డార్ చీజ్ గానీ బాగుంటుంది.

అయినా నచ్చకపోతే మసాలా లేని అంబర్ ఏల్ (రాగి రంగు బీరు) తీసుకోండి. అన్నట్టు, ఆల్కహాల్ శాతం అడగడం మరిచిపోకండి. కొన్ని పంప్కిన్ ఏల్స్ 8 శాతం దాటతాయి, కారు తాళాలు ఇంకెవరికైనా ఇచ్చేయండి.