పొట్టకు తీసిన సీటీ స్కాన్‌లో ఎముకల బలం కూడా తెలుస్తుందా?

వేరే జబ్బు కోసం తీసిన సీటీలోనే ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) కూడా బయటపడుతుందా అని అడిగారు. చాలావరకు పడుతుంది, చూసేవారు వెన్నెముక మీద కూడా దృష్టి పెడితే.

సీటీ చిత్రంలో ప్రతి బిందువుకూ, అది ఎక్స్-రేలను ఎంత అడ్డుకుంటుందో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో ఒక విలువ ఉంటుంది. నీటికి 0, గాలికి మైనస్ 1000. ఎముకలో ఖనిజం తగ్గే కొద్దీ ఆ విలువ పడిపోతుంది. సాధారణంగా నడుములోని మొదటి వెన్నుపూసను ఎంచుకుని, గట్టి పైపొరను వదిలేసి, లోపలి స్పంజి లాంటి భాగంలో కొలుస్తారు. ఎముక గుల్లబారడం ముందు మొదలయ్యేది అక్కడే. ఎక్స్-రే గొట్టానికి 120 కిలోవోల్టులు ఇచ్చి తీసిన స్కాన్‌లో విలువ 160 దాటితే ఆస్టియోపోరోసిస్ ఉండే అవకాశం తక్కువ. 110 కంటే తగ్గితే అనుమానం బలపడుతుంది. ఇవి గీత గీసినట్లుండే హద్దులు కావు. రక్తనాళంలోకి కాంట్రాస్ట్ మందు (చిత్రం స్పష్టంగా రావడానికి ఇచ్చేది) ఎక్కించి తీస్తే విలువ కొంత పెరిగి, ఎముక ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది.

ఎముక సాంద్రత కోసమే చేసే క్యూసీటీ (క్వాంటిటేటివ్ సీటీ) వేరు. అందులో ఖనిజ సాంద్రత ముందే తెలిసిన నమూనాతో పోల్చి ఫలితాన్ని ఘన సెంటీమీటరుకు మిల్లీగ్రాముల్లో చెబుతారు. వెన్నులో 80 లోపు ఉంటే ఆస్టియోపోరోసిస్, 80 నుంచి 120 మధ్య ఉంటే ఆస్టియోపీనియా, అంటే సాంద్రత తగ్గినా ఆస్టియోపోరోసిస్ దాకా రాని దశ.

ఎముక సాంద్రత కోసం మామూలుగా చేసే డెక్సా అనే ఎక్స్-రే పరీక్షలో రేడియేషన్ చాలా తక్కువ కాబట్టి మొదటి ఎంపిక ఇప్పటికీ అదే. కానీ వయసుతో వెన్నుపూసల అంచున పెరిగే ఎముక ముళ్లు డెక్సాను తప్పుదారి పట్టిస్తాయి. సీటీ వాటిని పక్కన పెట్టి కొలవగలదు. నొప్పి లేకుండానే కుంగిపోయిన వెన్నుపూసలు కూడా సీటీలో కనిపిస్తాయి. ఈ కొలత కోసమని మళ్లీ సీటీ తీయించుకోనవసరం లేదు, పాత స్కానే చాలు.